ఇంతిసార్ వాళ్ళ నాన్న

హన్నూన్ రొట్టెల కొట్టు ముందు రెండు వరసలుండేవి. ఒకటి మగవాళ్ళది, ఒకటి ఆడవాళ్ళది. చాలా ఏళ్ళపాటు మూడో వరస కూడా ఉండేది. దాంట్లో మనిషి ఒక్కడే. వాడు హాతిఫ్.

హాతిఫ్ వస్తున్నాడంటే బూట్ల చప్పుడు ముందు వచ్చేది. ఆరడుగులకు పైన మనిషి, నల్ల టోపీ, మెలేసిన మీసం, భుజం మీద ఎర్ర త్రికోణం. ఆ త్రికోణం దేశాధ్యక్షుడి గార్డు సైన్యం గుర్తు. అది కనబడగానే మా వాళ్ళు ఎవరూ చెప్పకుండానే పక్కకు జరిగేవారు, ముసలాళ్ళతో సహా. హన్నూన్ అప్పుడే పొయ్యిలోంచి తీసిన సమూన్ రొట్టెలు రెండు చేతులా పట్టుకుని, "రావయ్యా అబూ ఇంతిసార్! నువ్వు వరసలో నిలబడితే నా కొట్టుకి నామోషీ కాదూ!" అని కేకేసేవాడు. హాతిఫ్ రొట్టెలు అందుకుని, వరస వైపు చూసీ చూడనట్టు చూసి వెళ్ళిపోయేవాడు. అతను మలుపు తిరిగేదాకా ఎవరం నోరు విప్పేవాళ్ళం కాదు. తిరిగాక మాత్రం హన్నూన్ నేల మీద ఉమ్మేసేవాడు.

మా హిల్లా రోడ్డు వైపు పిల్లలున్న మగవాణ్ణి పేరు పెట్టి పిలవడం మర్యాద కాదు. తొలి బిడ్డ పేరు చెప్పి ఫలానా వాళ్ళ నాన్న అంటాం. అబూ ఫలానా. కొడుకు పేరుతో పిలిపించుకోవాలని ప్రతివాడికీ ఉబలాటమే. ఆడపిల్ల పేరుతో పిలిపించుకుని దానికి మీసం మెలేసినవాణ్ణి నేను ఒక్కణ్ణే చూశాను.

హాతిఫ్ తండ్రి ఖర్జూరపు చెట్లెక్కి గెలలు దింపుకునే మనిషి. హాతిఫ్ ట్రాక్టరు తోలేవాడు. ఇరాన్‌తో యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఒకసారి సైన్యం లారీ మా కాలువ బురదలో దిగబడిపోయింది. పదిమంది సిపాయిలు నెట్టి నెట్టి చేతులెత్తేశారు. హాతిఫ్ ట్రాక్టరు తెచ్చి, గొలుసు వేసి, ఇంజను గొంతు వింటూ పిల్లాణ్ణి ఒడిలోంచి దించినంత సుతారంగా లారీని గట్టుకు లాగాడు. ఒడ్డున నిలబడ్డ అధికారి, "ఒరేయ్ పొడుగోడా, ఈ డొక్కు మీద నీ పనితనమంతా దండగ. నాతో రా," అన్నాడు. అంతే, వెళ్ళిపోయాడు.

అప్పుడే గార్డులో కొత్త టాంకుల డివిజన్ కడుతున్నారు. దానికి ఇంతిసార్ అని పేరు పెట్టారు. అంటే గెలుపు. మామూలు సైన్యంలో మా కుర్రాళ్ళు పప్పునీళ్ళు తాగుతూ గోతుల్లో పడి ఉంటే, ఇంతిసార్ వాళ్ళకి రోజూ మాంసం, ఇస్త్రీ బట్టలు, ఇంటి స్థలం. రష్యా టాంకులు రంగు వాసన పోకముందే వాళ్ళ చేతికొచ్చాయి. డివిజన్‌కి జెండా ఇచ్చిన వారంలోనే హాతిఫ్ భార్య నజీహా ఆడపిల్లను కన్నది.

"ఆడపిల్లే కదరా, రేపు కొడుకు పుడతాడు, అప్పుడు అబూ అనిపించుకుందువుగాని," అంది వాళ్ళమ్మ.

"రేపటి మాట నాకెందుకే! నా డివిజన్ పేరే నా బిడ్డ పేరు. ఇవాళ్టి నుంచి నేను అబూ ఇంతిసార్‌ని. గెలుపుకి నాన్నని!" అన్నాడు హాతిఫ్.

ఆ సంగతి పైదాకా పాకింది. కమాండరు పడీపడీ నవ్వి రంగుల టీవీ ఒకటి బహుమానంగా పంపాడు. మా పేటలో అదే మొదటి రంగుల టీవీ. నిజం చెప్పాలంటే మేమూ తక్కువ తినలేదు. ఊరంతా పోయి ఆ ఇంట్లో చాపలేసుకుని కూర్చుని, వాళ్ళ టీ తాగి, వాళ్ళ టీవీ చూసి, పిల్లను ఎత్తుకుని "గెలుపమ్మా గెలుపూ" అని ఆడించినవాళ్ళమే. మా బావమరిదిని సరిహద్దు నుంచి మార్పించమని నేనే హాతిఫ్ కాళ్ళావేళ్ళా పడ్డాను. మార్పించాడు కూడా.

ఇంతిసార్ డివిజన్ వెలుగు మూడునాళ్ళ ముచ్చటే. కువైట్ ఎడారిలో డివిజన్ సగం మాడి మసైపోయింది. మిగిలిన సగాన్ని ఆ వసంతంలోనే దక్షిణానికి మళ్ళించారు, ప్రభుత్వం మీద తిరగబడ్డ మా సొంత ఊళ్ళ మీదికి. హాతిఫ్ టాంకుని ఒక ఊరి వంతెన మీద నిలబెట్టారు. వంతెన మీదుగా బస్సులు పోయేవి. వాటినిండా మగవాళ్ళు, చొక్కాలు తలల మీదికి లాగి కట్టేసి. బస్సులు పోతున్నంతసేపూ హాతిఫ్ నది వైపు తిరిగి కూర్చునేవాడు. ఈ ముక్క అతను చాలా ఏళ్ళ తర్వాత చెప్పాడు. అప్పుడు మాత్రం ఇంటికొచ్చి, పిల్లను గుండెల మీద పడుకోబెట్టుకుని, గోడ వైపు చూస్తూ ఉండిపోయాడు. మేమెవరం ఏమీ అడగలేదు. అడిగితే ఏం చెబుతాడో మాకూ తెలుసు, అందుకని. తిట్టాలంటే ముందు మమ్మల్ని తిట్టాలి.

తర్వాత సరుకులు దొరకని ఏళ్ళు వచ్చాయి. టాంకులకి విడిభాగాలు లేవు. రెండింటిని చంపి ఒకదాన్ని బతికించేవారు. కవాతు రోజు వస్తే కొత్త రంగు పూసి, మైదానం దాటడానికి సరిపడా డీజిలు పోసి, అటు చివర కదలకుండా ఆగిపోయినవాటిని చీకటి పడ్డాక లాక్కుపోయేవారు. హాతిఫ్‌కి ఇదంతా తెలుసు. ఇంజను గొంతు వినగానే రోగం చెప్పగల మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది? అయినా సెలవుకి వచ్చాడంటే అదే మీసం, అవే బూట్లు, అదే మూడో వరస.

"నాన్నా, మీ టాంకుని ఎవరైనా ఓడించగలరా?" అని అడిగేది ఇంతిసార్, అతని బూట్లు తుడుస్తూ.

"ఓడిస్తే నీ పేరు మార్చేస్తానే పిల్లా!"

కొడుకులు పుట్టలేదు. ఇంతిసార్ ఒక్కతే. తండ్రిలాగే పొడుగు, తండ్రిలాగే నోరు. తండ్రి అంటే ఆ పిల్లకి ప్రాణం.

అమెరికావాళ్ళు వచ్చిన వసంతంలో డివిజన్‌ని మా రోడ్డుకి దిగువన ఖర్జూరపు తోటల్లో దాచారు. టాంకుల మీద మట్టలు కప్పారు, బురద పూశారు. శత్రువు ఎదురుగా వస్తాడు, ముఖాముఖీ తేల్చుకుందాం అని చెప్పారు. శత్రువు ఎదురుగా రానేలేదు. ఆకాశంలో ఏదో గొణిగేది, ఆ తర్వాత తోటలో ఒక టాంకు లేచిపోయేది. కొట్టినవాడెవడో కంటికి కనబడడు. చివరకు వైర్లెస్‌లో గొంతులు ఆగిపోయాయి. రంగుల టీవీ పంపిన కమాండరు కారు పొద్దున్నే ఉత్తరం వైపు పోయిందని ఎవడో చెప్పాడు.

హాతిఫ్ టాంకుకి దెబ్బ తగల్లేదు. నిక్షేపంలా ఉంది. గుండు వేసేవాడూ, తోలేవాడూ అతని మొహంలోకి చూశారు. "సార్, మరి మేము?"

"మీ అమ్మల దగ్గరికి పోండి," అన్నాడు. వాళ్ళు పోయారు. ఇతను కాసేపు టాంకు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. తర్వాత ఇతనూ దిగి నడిచాడు. ఇంతమంది జనాన్ని పక్కకు జరిపించిన ఆ టాంకు ఒక్క గుండు పేల్చకుండా మట్టల కింద అలాగే ఉండిపోయింది.

కాలువ గట్టంతా బూట్లే. ఎక్కడ చూసినా బూట్లు, టోపీలు, చొక్కాలు. హాతిఫ్ కూడా త్రికోణం ఉన్న చొక్కా, ప్యాంటూ విప్పి నీళ్ళలో వేశాడు. బూట్లు విప్పడానికి మాత్రం చాలాసేపు పట్టింది. ఇంతిసార్ తుడిచిన బూట్లు. బనీను, నిక్కరుతో, మధ్యాహ్నపు ఎండలో, జీవితంలో మొదటిసారి జనం కంటపడకుండా చెట్ల చాటున నడిచాడు. అలా నడిచి నడిచి ఒక ఊరి చివరి ఇంటి ముందు ఆగాడు. వాకిట్లో ఒక ఆవిడ మట్టిపొయ్యి దగ్గర రొట్టెలు కాలుస్తోంది. హాతిఫ్ గుమ్మపు కమ్మీని రెండు చేతులా పట్టుకున్నాడు. మా వైపు అలా పట్టుకుని శరణు అన్నవాణ్ణి, వాడు పగవాడైనా సరే, పొమ్మనడానికి లేదు.

"నీ శరణు అక్కా. కట్టుకోడానికి ఓ బట్ట ఇప్పించు. ఇంటికి పోతాను."

ఆవిడ పేరు సబ్రియా. తలెత్తి ముందు అతని పాదాలు చూసింది. బూట్లలో పెరిగిన తెల్లటి పాదాలు, రాళ్ళకి కోసుకుపోయి ఉన్నాయి.

"సిపాయివా?"

"అవునక్కా. మామూలు సైన్యం."

"మామూలు సైన్యం వాళ్ళు పొద్దుటి నుంచి చాలామంది పోయారు నాయనా. వాళ్ళకి ఎముకలే గాని ఇంత కండ లేదు. గార్డువి కదూ?"

హాతిఫ్ తల దించుకున్నాడు. ఆవిడ పొయ్యిలోంచి రొట్టె తీసి పక్కన పెట్టింది. 

"నీ పేరేంటి?"

"హాతిఫ్."

"ఉత్త హాతిఫేనా? అబూ ఎవరు?"

ఎవరైనా అడిగే మాటే. ఎన్నో ఏళ్ళుగా ఆ ప్రశ్నకి ఛాతీ విరుచుకుని జవాబు చెప్పినవాడు. ఇప్పుడు బనీనుతో, రక్తం కారే కాళ్ళతో, పరాయి ఇంటి గుమ్మం పట్టుకుని, అబూ ఇంతిసార్ అని ఎలా అంటాడు? గెలుపుకి నాన్ననని ఏ మొహం పెట్టుకుని చెబుతాడు? 

"నాకెవరూ లేరక్కా. పిల్లలు లేరు," అనేశాడు.

ఆ మాటతో సబ్రియా మొహం మారిపోయింది. "అయ్యో తండ్రీ! చస్తే ఏడ్చే దిక్కు కూడా లేదా!" అంటూ లోపలికి వెళ్ళి, పెట్టె అడుగునుంచి ఒక దిష్దాషా తెచ్చింది. బూడిదరంగు మీద సన్నటి గోధుమరంగు చారల పొడుగు చొక్కా. మడతల్లో ఎండిన నిమ్మాకులున్నాయి.

"మా ఆయనది. పండక్కి ఒకే తానులోంచి రెండు కుట్టించాడు. పన్నెండేళ్ళ కిందట ఒకటి వేసుకుని పిండి తెస్తానని పోయాడు. ఆ వంతెన దగ్గర బస్సెక్కించారట. మీవాళ్ళే, ఎర్ర త్రికోణాలవాళ్ళు. మళ్ళీ రాలేదు. ఇది ఎవరికీ ఇవ్వలేదు, మా అబ్బాయి అడిగినా ఇవ్వలేదు. నువ్వు శరణన్నావు. పైగా ఎవరూ లేనివాడివి. తీసుకో."

ఏ వంతెన అని హాతిఫ్ అడగలేదు. అడగాల్సిన అవసరం లేదు. ఆ చొక్కా తొడుక్కుంటే ఒళ్ళంతా మంట పుట్టినట్టనిపించింది. పొట్టి, పిక్కల దగ్గరే ఆగిపోయింది. ఆవిడ పెట్టిన రొట్టె తిన్నాడు. గోడ నీడన పడుకుని, పొద్దు వాలాక లేచి, ఏ ఊరని అడిగితే ఊరి పేరు మాత్రం నిజం చెప్పి బయల్దేరాడు.

మర్నాడు మా ఊరి చౌరస్తాలోకి అతను వచ్చేసరికి హన్నూన్ కొట్టు ముందు రెండు వరసలూ నిండుగా ఉన్నాయి. పొట్టి దిష్దాషా, వట్టి కాళ్ళు, దుమ్ము కొట్టుకుపోయిన మీసం. అందరూ చూశారు. అలవాటు చొప్పునన్నాడో, ఎత్తిపొడుపుకన్నాడో ఇప్పటికీ తెలియదు గాని, హన్నూన్ లోపలినుంచి, "అబూ ఇంతిసార్! ముందుకి రావయ్యా!" అని కేకేశాడు. వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. హాతిఫ్‌కి తల కొట్టేసినట్టయింది. రొట్టె తీసుకోకుండా గోడవార నడిచి ఇంట్లో దూరాడు.

ఇంతిసార్ గోరువెచ్చటి నీళ్ళు తెచ్చి అతని కాళ్ళు కడిగింది.

"నాన్నా, అందరూ వచ్చేశాక నువ్వు ఆఖర్న వచ్చావు కదూ?"

"ఆఖర్నే వచ్చానమ్మా."

"మరి మన టాంకు?"

"కాలిపోయింది. ఆఖరి గుండు దాకా కొట్టాను." అబద్ధం ఎంత నున్నగా వచ్చిందో అతనికే ఆశ్చర్యమేసింది. ఆ దిష్దాషా విప్పి నజీహా మీదికి విసిరి, "పొయ్యిలో పారెయ్యి, నా కళ్ళబడనివ్వకు," అన్నాడు.

ఆ తర్వాత అతను గడప దాటలేదు. రొట్టెలకి ఇంతిసారే వెళ్ళేది. మా ఆడవాళ్ళ నోళ్ళు తెలిసినవేగా!

"ఏమే ఇంతిసార్, మీ నాన్న గెలుపుని ఏ తోటలో పారేసుకొచ్చాడే?" అందొకావిడ.

"మా నాన్న అందరికంటే ఆఖర్న వచ్చాడు పిన్నీ. ఆఖరి గుండు దాకా కొట్టి వచ్చాడు. మీ ఆయనలాగా యుద్ధం మొదలవకముందే వచ్చి కోళ్ళగూట్లో దాక్కోలేదు!"

వరసంతా గొల్లున నవ్వింది.  ఈ సంగతి నజీహా వచ్చి చెబితే హాతిఫ్ సిగ్గుతో దుప్పటి ముసుగేసుకున్నాడు. ఊళ్ళో ఆ ఒక్క పిల్ల కళ్ళల్లోనే అతనింకా మనిషి. అది కూడా అబద్ధం మీద నిలబడి ఉంది. ఏదో ఒకరోజు ఆ పిల్లకి నిజం తెలుస్తుందన్న భయంతోనే అతనికి రోజులు గడిచాయి.

ఎండలు ముదిరేసరికి దక్షిణాన గోతులు బయటపడడం మొదలైంది. పొలాల్లో, ఇటుక బట్టీల వెనక, ఎక్కడ తవ్వితే అక్కడ మనుషులు. పన్నెండేళ్ళనాటి మనుషులు. మొహాలు లేవు గనక జనం బట్టల పీలికలు, తాళంచేతులు, చెప్పులు చూసి తమవాళ్ళని పోల్చుకుంటున్నారు. మా ఊరి నుంచి కూడా ఒకరిద్దరు వెళ్ళొచ్చారు.

ఒక పొద్దున ఇంటి తలుపు చప్పుడైంది. నజీహా చెల్లెలి ఇంటికి పోయింది. ఇంతిసార్ అప్పుడే హన్నూన్ దగ్గర్నుంచి వచ్చి, రొట్టెల మూట చేతిలో ఉండగానే తలుపు తీసింది. తలమీంచి నల్ల అబాయా కప్పుకుని ఒక ఆవిడ నిలబడి ఉంది. వసారాలో మంచం మీద కూర్చున్న హాతిఫ్ ఆవిడ గొంతు వినగానే పోల్చాడు. 

"ఇదేనా తల్లీ, హాతిఫ్ అని పొడుగాయన, పిల్లాపాపా లేనాయన, ఆయన ఇల్లు?"

ఇంతిసార్ నవ్వబోయింది. "పిల్లలు లేనాయనా? పొరపాటు..." అంటూ వెనక్కి తిరిగి తండ్రి మొహం చూసింది. ఆ మొహం చూశాక నవ్వు ఆగిపోయింది.

సబ్రియా అప్పటికే లోపలికి వచ్చేసింది. "అదుగో, ఆయనే! బాగున్నావా నాయనా? ఆరోజు మా గుమ్మం పట్టుకుని శరణన్నప్పుడు చూడాలి తల్లీ ఈయన అవతారం, బనీను, నిక్కరు! ఆఖరివాళ్ళంతా ఇంకా తోటల్లోనే ఉన్నారు, ఈయన మధ్యాహ్నానికే మా ఇంటికొచ్చేశాడు. ఎవరూ లేరక్కా, పిల్లలు లేరక్కా అంటుంటే నా కడుపు తరుక్కుపోయింది. పడుకుని నిద్దట్లో ఒకటే కలవరింత, ఇంతిసార్, ఇంతిసార్ అని. నేను నవ్వుకున్నాను, టాంకులు పొగైపోతే ఈ పిచ్చి మారాజు ఇంకా గెలుపు గెలుపంటున్నాడే అని!"

హాతిఫ్ నేల వైపు చూస్తున్నాడు. భూమి చీలితే దూరిపోయేవాడే. ఇంతిసార్ కదలకుండా నిలబడింది. తండ్రి ఆఖర్న రాలేదు. ఆఖరి గుండు కొట్టలేదు. తనను లేదన్నాడు. నిద్రలో మాత్రం తననే పిలిచాడు. ఇవన్నీ ఆ పిల్ల ఒక్కసారే విన్నది.

"ఆ దిష్దాషా కోసం వచ్చాను నాయనా," అంది సబ్రియా. "మా దగ్గర ఇటుక బట్టీ వెనక తవ్వుతున్నారు. చారల గుడ్డ తగిలిందంటున్నారు, రంగంతా పోయింది. ఇది పక్కన పెట్టి చూస్తే..." ఆవిడ మాట అక్కడే ఆగిపోయింది. ఇంతిసార్ చేతిలో రొట్టెలు చుట్టిన గుడ్డ వైపు చూస్తోంది. బూడిదరంగు, సన్నటి గోధుమరంగు చారలు.

పొయ్యిలో పారెయ్యమన్నదాన్ని నజీహా పారెయ్యలేదు. గుడ్డ దొరకని కాలంలో ఎవరు పారేస్తారు? వీపు భాగం కత్తిరించి అంచులు కుట్టి రొట్టెల గుడ్డ చేసింది. మిగతాది మసిబట్టలకి పోయింది.

ఇంతిసార్ ఆ మూటని మూటలాగే సబ్రియా చేతిలో పెట్టింది. "ఇదే మిగిలిందమ్మా. రొట్టెలతోనే తీసుకెళ్ళు, దారి దూరం. ఈ ఇంట్లో తెలియక కోసేశారు."

"ఇదే చాలు తల్లీ, ఇదే చాలు," అంటూ సబ్రియా ఆ మూటని మొహానికి ఆనించుకుని కాసేపు ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని, "నువ్వెవరి పిల్లవే? ఇంత మంచి పిల్లవి!" అంది.

ఇంతిసార్ తండ్రి వైపు చూడలేదు. "పక్కింటి పిల్లనమ్మా. ఈయనకి చేసిపెట్టేవాళ్ళు లేరని రొట్టెలు తెచ్చిపెడుతుంటాను."

"పేరేంటమ్మా?"

"నవాల్."

"చల్లగా ఉండు నవాల్. చూడు నాయనా హాతిఫ్, దేవుడు నీకు ఇలాంటి పిల్లనొక్కదాన్ని ఇచ్చి ఉంటే ఎంత బాగుండేది!"

ఆవిడ వెళ్ళిపోయింది. ఇంతిసార్ తలుపు దగ్గరగా వేసి, "రొట్టెలు మళ్ళీ తేవాలి," అని గోడకి చెప్పినట్టు చెప్పి, వెనక దొడ్డిదారిన వెళ్ళిపోయింది. నాన్నా అనలేదు. తిట్టినా బాగుండేది, నెత్తి మీద పేడనీళ్ళు పోసినా బాగుండేది. తన పరువు నిలబెట్టడానికి ఆ పిల్ల తన పేరే లేకుండా చేసుకుంది. ఆ పరువు ఎంతపాటిదో హాతిఫ్ అప్పుడు చూసుకున్నాడు. చూసుకుని, ఛీ అనుకున్నాడు.

తలకి గుడ్డ కూడా చుట్టుకోకుండా లేచి వీధిన పడ్డాడు. మా చౌరస్తాలో టాక్సీలు హన్నూన్ కొట్టు ఎదురుగానే ఆగుతాయి. నేను వరసలోనే ఉన్నాను. చాలా రోజుల తర్వాత హాతిఫ్ కనబడేసరికి రెండు వరసలూ అటు తిరిగాయి. అతను ఎవర్నీ చూడకుండా టాక్సీ ఎక్కబోతున్న ఆవిడ ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"అక్కా, నేను అబద్ధమాడాను. నాకు పిల్ల ఉంది. ఆ పిల్లే. దాని పేరు నవాల్ కాదు, ఇంతిసార్. నేను నిద్రలో పిలిచింది దాన్నే. నేను గార్డులో ఇంతిసార్ డివిజన్ వాణ్ణి. ఒక్క గుండు పేల్చకుండా పారిపోయి వచ్చాను. ఆ వసంతంలో మీ వంతెన మీద ఉన్న టాంకు నాది. బస్సులు పోతుంటే నది వైపు చూస్తూ కూర్చున్నాను."

 హన్నూన్ రొట్టెలు తీసే పార చేత్తో పట్టుకుని బయటికి వచ్చి నిలబడ్డాడు. సబ్రియా అతని మొహంలోకి చూసింది. పెద్దగా అరవలేదు, శాపాలు పెట్టలేదు.

"ఏడ్చేవాళ్ళు లేరన్నావని ఇచ్చాను," అంది. "ఉన్నారని తెలిస్తే ఇచ్చేదాన్ని కాదు. మా ఆయనకి నలుగురం ఉన్నాం ఏడవడానికి."

ఆవిడ మూట విప్పింది. రొట్టెలు ఒక్కొక్కటే తీసి అతని చేతుల్లో పెట్టింది. గుడ్డని దులిపి, మడిచి, అబాయా లోపల గుండెల దగ్గర పెట్టుకుంది. "ఆరోజు నువ్వు మా రొట్టె తిన్నావు. దానికి నేనేం చెయ్యలేను. మీ రొట్టె మాత్రం నాకొద్దు," అని టాక్సీ ఎక్కేసింది.

హాతిఫ్ చేతుల నిండా రొట్టెలతో దుమ్ములో నిలబడిపోయాడు.  హన్నూన్ పాత అలవాటు కొద్దీ, "అబూ ఇంతిసార్, రావయ్యా..." అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. హాతిఫ్ నడిచి వచ్చి మగవాళ్ళ వరస చివర, నా వెనక నిలబడ్డాడు. చేతుల్లో రొట్టెలుండగా రొట్టెల వరసలో ఎందుకు నిలబడ్డాడని ఎవరం అడగలేదు. అతని ఊపిరి నా మెడకి తగులుతోంది. వెనక్కి తిరిగి చూడడానికి నాకూ మొహం చెల్లలేదు. ఆ టీవీ ముందు కూర్చున్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆడవాళ్ళ వరసలోంచి ఒక పొడుగు పిల్ల బయటికి వచ్చింది. అబాయా కొంగు ముందుకు పట్టి చాపింది.

"నాన్నా, అవి ఇటు పొయ్యి. చేతులు కాలతాయి."

హాతిఫ్ వెనక్కి తిరిగి, ఆ పిల్ల ఎవర్ని పిలుస్తోందా అని చూశాడు.